ఫైబర్‌లో 2 కిలోమీటర్లకే నా పల్స్ దాదాపు రెట్టింపయింది: సెమీకండక్టర్ లేజర్ల పికోసెకను పల్స్‌లపై చర్చ

తరంగిణి రాశారు:

అందరికీ నమస్కారం. నేను పరిశోధక విద్యార్థినిని. 1550 నానోమీటర్ల డీఎఫ్‌బీ లేజర్‌ను (ఒకే తరంగదైర్ఘ్యంలో వెలిగే సెమీకండక్టర్ లేజర్) గెయిన్ స్విచింగ్ పద్ధతిలో, అంటే విద్యుత్తును వేగంగా పెంచుతూ దించుతూ నడిపి పొట్టి కాంతి పల్స్‌లు తీస్తున్నాను. లేజర్‌కు ఇచ్చే స్థిర విద్యుత్తును త్రెషోల్డ్‌కు (లేజర్ వెలగడం మొదలయ్యే స్థాయికి) కాస్త దిగువన ఉంచి, దానిపై 2.5 గిగాహెర్ట్జ్ సైను తరంగాన్ని గట్టిగా కలుపుతున్నాను. 400 పికోసెకన్లకు (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు) ఒక పల్స్ చొప్పున చక్కగా వస్తోంది. శాంప్లింగ్ ఆసిలోస్కోపులో దాని వెడల్పు 24 పికోసెకన్లు, స్పెక్ట్రమ్ వెడల్పు 0.6 నానోమీటర్లు.

దీన్ని మామూలు సింగిల్ మోడ్ ఫైబర్‌లో 2 కిలోమీటర్లు పంపాను. పాఠ్యపుస్తకంలోని సూత్రం ప్రకారం 24 పికోసెకన్ల గాసియన్ (గంట ఆకారపు) పల్స్ అంత దూరానికి అర పికోసెకను మాత్రమే సాగాలి. నాకు వచ్చింది 45. లెక్క మూడుసార్లు సరిచూశాను. ఫైబర్ చుట్టను మార్చాను. కనెక్టర్లు తుడిచి మళ్లీ బిగించాను. మళ్లీ అదే 45. ఎక్కడ పొరబడుతున్నానో ఎవరైనా చెప్పగలరా?

స్ఫటికం రాశారు:

తరంగిణి గారూ, మీ లెక్క సరైనదే. మీరు వాడిన సూత్రం మాత్రం వేరే జాతి పల్స్‌కు రాసినది. ఆ సూత్రం వర్తించాలంటే పల్స్‌లోని రంగులన్నీ ఒకేసారి బయలుదేరాలి. మీ పల్స్‌లో అవి వరుస కట్టి వస్తున్నాయి.

మీరిచ్చిన అంకెల్లోనే జవాబు ఉంది. 1550 దగ్గర 1 నానోమీటరు అంటే సుమారు 125 గిగాహెర్ట్జ్. కాబట్టి మీ 0.6 నానోమీటర్లు 75 గిగాహెర్ట్జ్ అవుతాయి. దాన్ని 24 పికోసెకన్లతో గుణిస్తే 1.8. గాసియన్ పల్స్‌కు ఈ లబ్ధం 0.44 కంటే తగ్గదు. అంటే 24 పికోసెకన్ల పల్స్‌కు కావలసినదాని కంటే నాలుగు రెట్లు వెడల్పైన స్పెక్ట్రమ్ మీ దగ్గర ఉంది. ఆ అదనమంతా చిర్ప్. పల్స్ నడుస్తుండగానే దాని పౌనఃపున్యం జారిపోతోంది.

ఇప్పుడు ఫైబర్ సంగతి చూడండి. మామూలు ఫైబర్‌లో 1550 దగ్గర విక్షేపణం (రంగులు వేర్వేరు వేగాలతో నడిచి విడిపోవడం) కిలోమీటరుకు, నానోమీటరుకు 17 పికోసెకన్లు. 17ను 0.6తో, 2తో గుణిస్తే 20. మీ 24కు ఈ 20 కలపండి. మీరు చూసిన 45 దాదాపుగా అదే.

తరంగిణి రాశారు:

20 కలిసిందని ఒప్పుకుంటాను. కానీ తగ్గకుండా పెరగడమే ఎందుకు? చిర్ప్ ఏ దిశలో ఉందో లేజర్ ఎలా నిర్ణయించుకుంటుంది?

స్ఫటికం రాశారు:

మొత్తం విషయానికి ఇదే ఆయువుపట్టు. కొంచెం వివరంగా రాస్తాను.

లేజర్ చిప్‌లో కాంతిని పెంచేవి ఎలక్ట్రాన్లు, రంధ్రాలు (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు). వీటినే వాహకాలు అంటాం. వాహకాల సాంద్రత మారితే గెయిన్ (కాంతిని పెంచే శక్తి) ఒక్కటే మారదు, పదార్థపు వక్రీభవన గుణకం కూడా మారుతుంది. ఈ రెండూ విడదీయలేని జంట. సెమీకండక్టర్ లేజర్లకు గ్యాస్ లేజర్ల కంటే ఇదే పెద్ద తేడా. ఈ జంట బలాన్ని కొలిచే ఆల్ఫా గుణకాన్ని 1982లో భౌతిక శాస్త్రవేత్త చార్లెస్ హెన్రీ వివరించాడు. లేజర్ రేఖ అనుకున్నదానికంటే ఎందుకు వెడల్పుగా ఉంటోందో చెప్పడానికి ఆయన దాన్ని తెచ్చాడు, కానీ మన పల్స్‌ల తలరాత రాసేది కూడా అదే గుణకం.

పల్స్ పుట్టే ముందు వాహకాలు త్రెషోల్డ్‌ను దాటి బాగా పేరుకుని ఉంటాయి. పల్స్ లేచాక ఆ నిల్వను వేగంగా తినేస్తుంది. వాహకాలు తగ్గేకొద్దీ వక్రీభవన గుణకం పెరుగుతుంది. గుణకం పెరిగితే లోపలి కుహరం (కాంతి అటూ ఇటూ తిరిగే చోటు) కాంతికి మరింత పొడవుగా తోస్తుంది, తరంగదైర్ఘ్యం ఎరుపు వైపుకు, అంటే పొడవు వైపుకు జరుగుతుంది. కాబట్టి పల్స్ ముందు అంచు నీలం వైపు (పొట్టి తరంగదైర్ఘ్యం), వెనక అంచు ఎరుపు వైపు ఉంటాయి. గెయిన్ స్విచింగ్‌లో ఎప్పుడూ ఇదే క్రమం.

మామూలు ఫైబర్‌లో 1550 దగ్గర నీలం వైపు కాంతి వేగంగా, ఎరుపు వైపు కాంతి నెమ్మదిగా నడుస్తాయి. ముందున్న నీలం ఇంకా ముందుకు పోతుంది, వెనకున్న ఎరుపు ఇంకా వెనకబడుతుంది. మీ పల్స్ సాగింది అందుకే.

దీన్ని కళ్లారా చూడాలంటే 0.2 నానోమీటర్ల సన్నని ట్యూనబుల్ ఫిల్టర్‌ను స్కోపు ముందు పెట్టి, స్పెక్ట్రమ్ పొడవునా మెల్లగా జరపండి. పొట్టి తరంగదైర్ఘ్యం నుంచి పొడవు వైపు వెళ్తుంటే స్కోపు తెరపై శిఖరం కూడా ఆలస్యం వైపు జరుగుతుంది. నేను మొదటిసారి అది చూసిన రోజు ఫిల్టర్ మరను అటూ ఇటూ తిప్పుతూ గంటసేపు కూర్చున్నాను.

వెలుగు జిజ్ఞాసి రాశారు:

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి, ఈ రంగానికి కొత్తవాడిని. సైను తరంగం వ్యవధి 400 పికోసెకన్లు. అందులో లేజర్ వెలిగే సగం 200 అనుకున్నా, కాంతి 24 పికోసెకన్లకే ఎలా ముగుస్తోంది? విద్యుత్తు కంటే కాంతి పొట్టిగా ఉండటం ఎలా సాధ్యం?

ఫైబర్ బాటసారి రాశారు:

మంచి ప్రశ్న. ఈ పద్ధతిలోని అందమంతా అక్కడే ఉంది.

ఆనకట్టలో నీరు నిండుతున్నట్టు ఊహించుకోండి. విద్యుత్తు వాహకాలను నింపుతోంది. త్రెషోల్డ్ అనేది గట్టు అంచు. నీరు అంచు దాటిన క్షణంలోనే వరద రాదు, ఎందుకంటే వరదకు విత్తనం కావాలి. ఆ విత్తనం స్వచ్ఛంద ఉద్గారం (దానంతట అదే కాంతి వెలువడటం) వల్ల పుట్టే కొద్దిపాటి ఫోటాన్లు. అవి ఉద్దీపిత ఉద్గారంతో (ఒక ఫోటాన్ తనలాంటి మరోదాన్ని పుట్టించడం) రెట్టింపవుతూ పెరగడానికి కొన్ని పదుల పికోసెకన్లు పడుతుంది. ఈలోగా నీటిమట్టం అంచుకు చాలా పైకి వెళ్లిపోయి ఉంటుంది. ఫోటాన్లు లెక్కలోకి వచ్చేంతగా పెరిగాక గట్టు ఒక్కసారిగా తెగుతుంది. కొద్ది పికోసెకన్లలో మట్టం అంచు కంటే దిగువకు పడిపోతుంది. గెయిన్ పోయింది కనుక కాంతీ ఆరిపోతుంది.

చిప్‌లో ఒక ఫోటాన్ నిలిచి ఉండే కాలం ఒకటి రెండు పికోసెకన్లు. వాహకం నిలిచి ఉండే కాలం దాదాపు 1 నానోసెకను. ఈ రెండింటి మధ్య వందల రెట్ల తేడా ఉండటం వల్లే ఈ ఊగిసలాట పుడుతుంది. లేజర్‌ను మామూలుగా ఆన్ చేసినా మొదట ఈ ఊగిసలాటే కనిపిస్తుంది: ఒక పెద్ద శిఖరం, దాని వెనక చిన్నవి, చివరకు స్థిర కాంతి. గెయిన్ స్విచింగ్ అంటే మొదటి శిఖరాన్ని మాత్రం రానిచ్చి, రెండోది లేవకముందే విద్యుత్తును దించేయడం.

తరంగిణి గారూ, సైను బలం మరీ పెంచితే ప్రధాన పల్స్ వెనక చిన్న రెండో శిఖరం మొలుస్తుంది. గమనించారా?

తరంగిణి రాశారు:

చూశాను! దాన్ని కేబుల్‌లో విద్యుత్ ప్రతిబింబం అనుకుని ఒక రోజంతా వెతికాను. బలం తగ్గించగానే పోయింది. ఇప్పుడు అర్థమైంది.

ఫైబర్ బాటసారి రాశారు:

ఇక మందు సంగతి. రంగులు ఏ వరుసలో వస్తున్నాయో తెలిసింది కాబట్టి వెనకబడిన ఎరుపును ముందుకు తెచ్చే ఫైబర్ చాలు. విక్షేపణ పరిహార ఫైబర్ అందుకే ఉంది. దాని విక్షేపణం మామూలు ఫైబర్‌కు వ్యతిరేక దిశలో, కిలోమీటరుకు నానోమీటరుకు సుమారు 100 పికోసెకన్లు ఉంటుంది. మీ రంగులు 0.6 నానోమీటర్ల మీద 24 పికోసెకన్లు పరచుకున్నాయి, అంటే నానోమీటరుకు 40. అందువల్ల 400 మీటర్ల దగ్గర మొదలుపెట్టండి. ఒక్కో ముక్కా తగ్గిస్తూ, పెంచుతూ చూడండి. 75 గిగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌తో సిద్ధాంతం ఇచ్చే అడుగు హద్దు 6 పికోసెకన్లకు కాస్త తక్కువ. అక్కడి దాకా రాదు. 8 వస్తే సంతోషించండి.

ఎందుకు రాదంటే, చిర్ప్ పల్స్ నడిమి భాగంలోనే సరళరేఖలా ఉంటుంది. అంచుల్లో వంకర తిరుగుతుంది. ఫైబర్ సరళమైన భాగాన్నే సరిదిద్దగలదు. మిగిలిన శక్తి పల్స్ పాదాల దగ్గర పీఠంలా మిగిలిపోతుంది.

సంకేతశోధి రాశారు:

శ్రమను గౌరవిస్తూనే అడుగుతున్నాను. గెయిన్ స్విచింగ్‌తో చిర్ప్ తెచ్చుకుని, వందల మీటర్ల ఫైబర్‌తో దాన్ని సరిచేసుకుని, చివరకు పీఠంతో రాజీపడటం దేనికి? మోడ్ లాకింగ్ చేసిన చిప్ నేరుగా ఒకటి రెండు పికోసెకన్ల పల్స్ ఇస్తుంది కదా?

స్ఫటికం రాశారు:

ఇస్తుంది. కానీ అది అడిగిన వేగంలో ఇవ్వదు, తన పొడవు నిర్ణయించిన వేగంలో ఇస్తుంది. కొత్తవారి కోసం మొదటి నుంచి చెబుతాను.

లేజర్ కుహరంలో నిలబడగల పౌనఃపున్యాలు సమాన దూరాల్లో మెట్లలా ఉంటాయి. వీటినే మోడ్‌లు అంటాం. వృత్తాకార బాటలో పరుగెత్తేవారిని ఊహించండి. ఒకరు గంటకు 10 చుట్లు, మరొకరు 11, ఇంకొకరు 12, ఇలా. అందరూ ఒకే గీత దగ్గర ఒకేసారి బయలుదేరితే కాసేపటికి బాట అంతా చెదిరిపోతారు. సరిగ్గా గంటకు మళ్లీ అందరూ ఆ గీత మీదే కలుస్తారు. కాంతి మోడ్‌లూ అంతే. దశలు ముడిపడి ఉంటే అన్నీ ఒక క్షణంలో శిఖరానికి చేరి, మరుక్షణం ఒకదాన్నొకటి రద్దు చేసుకుని, కుహరంలో ఒక చుట్టు తిరిగే కాలం తర్వాత మళ్లీ కలుస్తాయి. ఎంత ఎక్కువ మోడ్‌లు చేరితే ఆ కలయిక అంత పొట్టి. దశలు ముడిపడకపోతే వచ్చేది రొద మాత్రమే.

ఆ ముడే మోడ్ లాకింగ్. దాన్ని ఎవరు వేస్తారు? చిప్ పైని ఎలక్ట్రోడును కొన్ని మైక్రాన్ల సందుతో రెండుగా విడదీస్తాం. పొడవైన భాగానికి ముందు దిశలో విద్యుత్తు ఇస్తే అది గెయిన్. పొట్టి భాగానికి ఎదురు వోల్టేజి పెడితే అది కాంతిని మింగే శోషకం. బలహీనమైన కాంతిని శోషకం మింగేస్తుంది. బలమైన పల్స్ వస్తే దాని ముందు అంచు బలై శోషకాన్ని నింపేస్తుంది, వెనక భాగం దాటిపోతుంది. దాటిన పల్స్ గెయిన్‌ను వాడేస్తుంది కాబట్టి వెనక అంచుకు పెరుగుదల దొరకదు. ముందు నుంచి శోషకం, వెనక నుంచి గెయిన్ లేమి, రెండు వైపులా చెక్కుతుంటే పల్స్ ప్రతి చుట్టులోనూ పొట్టిబడుతుంది.

ఇదంతా జరగాలంటే శోషకం గెయిన్ కంటే ముందే నిండాలి, ముందే కోలుకోవాలి. ప్రకృతి ఇక్కడ మనకు చేయూతనిచ్చింది. వాహకాలు తక్కువగా ఉన్నచోట, ఒక్కో కొత్త వాహకానికి గెయిన్‌లో వచ్చే మార్పు ఎక్కువ. శోషకంలో వాహకాలు తక్కువే కనుక అది తేలిగ్గా నిండుతుంది. ఎదురు వోల్టేజి పుట్టిన వాహకాలను బయటికి లాగేస్తుంది కనుక నానోసెకనుకు బదులు పది పికోసెకన్లలోపే కోలుకోగలదు. వోల్టేజి పెంచేకొద్దీ పల్స్ పొట్టిబడటం మీటరు మీద చూడవచ్చు. ఒక హద్దు దాటాక లేజర్ ఆరిపోతుంది.

ఇక వేగం. 1 మిల్లీమీటరు చిప్‌లో కాంతి పోయి రావడానికి సుమారు 24 పికోసెకన్లు, అంటే దాదాపు 40 గిగాహెర్ట్జ్. 10 కావాలంటే 4 మిల్లీమీటర్ల చిప్ చేయాలి. పొడవు 3 మైక్రాన్లు తేడా వస్తే 40 గిగాహెర్ట్జ్ దగ్గర 120 మెగాహెర్ట్జ్ తప్పుతుంది. స్ఫటికాన్ని విరిచే చేతికి అది చిన్న తేడానే, నెట్‌వర్క్ గడియారానికి మాత్రం కొండంత. గెయిన్ స్విచింగ్‌లో ఈ బాధ లేదు. సంకేత జనకం మీద అంకె మార్చండి, పల్స్‌లు ఆ వేగంలోనే వస్తాయి.

వెలుగు జిజ్ఞాసి రాశారు:

పరుగెత్తేవారి ఉదాహరణతో నాకు మొత్తం వెలిగింది. ధన్యవాదాలు. మోడ్ లాకింగ్‌లో బయటి గడియారంతో కలపడానికి మార్గమే లేదా?

స్ఫటికం రాశారు:

ఉంది. శోషకం మీద ఎదురు వోల్టేజితో పాటు రేడియో సంకేతాన్ని కూడా కలిపితే, దాని లయకు శోషకం తెరుచుకుంటూ మూసుకుంటూ పల్స్‌లను క్రమంలో పెడుతుంది. దాన్ని హైబ్రిడ్ మోడ్ లాకింగ్ అంటారు. అయితే ఆ సంకేతం చిప్ సహజ వేగానికి బాగా దగ్గరలో ఉండాలి. దూరమైతే పట్టు తప్పుతుంది.

చరిత్రలో మొదట వచ్చింది ఈ రేడియో సంకేతపు మార్గమే. 1978లో ఎంఐటీలో డయోడ్ లేజర్‌ను బయటి అద్దంతో కలిపి, విద్యుత్తును కుహరపు లయకు ఊపి, సుమారు 20 పికోసెకన్ల పల్స్‌లు తీశారు. 1990ల తొలి సంవత్సరాలకు బెల్ ల్యాబ్స్‌లో శోషకాన్ని చిప్ నడిమధ్యన పెట్టి, రెండు వైపుల నుంచి వచ్చే పల్స్‌లు అందులో ఎదురెదురుగా ఢీకొనేలా చేసి, ఒక పికోసెకను కంటే పొట్టి పల్స్‌లు సాధించారు. రెండు పల్స్‌లు కలిసి నింపితే శోషకం ఇంకా తేలిగ్గా తెరుచుకుంటుందన్నది కిటుకు.

నిశితదృష్టి రాశారు:

కొలతల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. పొట్టి పల్స్‌ల పనిలో సగం తప్పులు కొలతలోనే జరుగుతాయి.

తరంగిణి గారూ, మీ స్కోపు, ఫోటోడయోడు కలిసి తమ వంతుగా ఎంత సాగదీస్తాయో చూసుకున్నారా? అది 10 పికోసెకన్లు అయితే, మీ 24లో అసలు పల్స్ 22. ఇప్పటికి పెద్ద తేడా కాదు. ఫైబర్‌తో కుదించి 8కి తెచ్చాక అదే స్కోపు 13 చూపిస్తుంది. మీరు కుదింపు సరిగా రాలేదనుకుని ఫైబర్ ముక్కలు మారుస్తూ ఉంటారు. పైగా శాంప్లింగ్ స్కోపు ఒక్కో పల్స్ నుంచి ఒక్కో చుక్క తీసుకుని బొమ్మ కడుతుంది. పల్స్‌లు సమయం తప్పి వస్తుంటే ఆ తడబాటు కూడా వెడల్పుగానే కనిపిస్తుంది.

అందుకే ఆటోకోరిలేటర్ వాడాలి. పల్స్‌ను రెండుగా చీల్చి, ఒకదాన్ని జరిగే అద్దం మీదుగా పంపి, రెండింటినీ రెట్టింపు పౌనఃపున్యం ఇచ్చే స్ఫటికంలో కలుపుతాం. రెండూ ఒకే క్షణంలో కలిస్తేనే కొత్త కాంతి బలంగా వస్తుంది. పల్స్‌ను కొలిచే గడియారం ఆ పల్సే. అద్దం 0.15 మిల్లీమీటర్లు జరిగితే 1 పికోసెకను. వేలి మర మీద గీతలు లెక్కబెడుతూ పికోసెకన్లను కొలవవచ్చు. వచ్చిన గీత వెడల్పును గాసియన్ అనుకుంటే 1.41తో, సెక్-వర్గం ఆకారం అనుకుంటే 1.54తో భాగించాలి. ఏ ఆకారం అనుకున్నారో ఫలితం పక్కన తప్పక రాయండి.

నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం 300 మైక్రాన్ల మామూలు ఫాబ్రీ-పెరో లేజర్‌ను (ఒకేసారి చాలా మోడ్‌లలో వెలిగేది) గెయిన్ స్విచింగ్ చేశాను. ఆటోకోరిలేటర్‌లో అర పికోసెకను వెడల్పుతో సూదిమొన లాంటి శిఖరం వచ్చింది. వారం రోజులు ఆనందంతో నిద్ర పట్టలేదు. తర్వాత అద్దాన్ని ఇంకా దూరం జరిపితే, ఆ సూది ఒక వెడల్పైన గుట్ట మీద నిలబడి ఉందని తెలిసింది. గుట్ట మీద ప్రతి 7 పికోసెకన్లకూ మరో చిన్న ముల్లు. స్పెక్ట్రమ్ తీస్తే 8 నానోమీటర్లు, అంటే 1 టెరాహెర్ట్జ్. అప్పుడు మబ్బు విడిపోయింది. అర పికోసెకను అనేది పల్స్ వెడల్పు కానే కాదు. దశలు ముడిపడని మోడ్‌ల రొదలో పొందిక ఎంతసేపు నిలుస్తుందో ఆ సూది చెబుతోంది. 7 పికోసెకన్లు ఆ చిప్‌లో కాంతి పోయి వచ్చే కాలం. నిజమైన పల్స్ ఆ గుట్టే, 20 పికోసెకన్ల పైమాట.

అందుకని సన్నని శిఖరం కనబడితే ముందు దాని పాదాలు చూడండి. నేల దాకా దిగిందా, సగం ఎత్తులో గుట్ట మీద ఆగిందా? సగంలో ఆగితే అది రొద.

తరంగిణి రాశారు:

ఇది చదివి స్కోపు స్పందనను వెంటనే కొలిచాను. 10 పికోసెకన్లే! రేపు 400 మీటర్ల పరిహార ఫైబర్ తెస్తున్నాను. ఆటోకోరిలేటర్ పక్క ప్రయోగశాల వారిని అడిగాను, ఇస్తామన్నారు.

సంకేతశోధి రాశారు:

నాది మరో మౌలికమైన సందేహం. నేను నెట్‌వర్క్ వైపు పనిచేస్తాను. ఈ రోజు మా లింకుల్లో అతి పొట్టి పల్స్ అన్నదే లేదు. స్థిరంగా వెలిగే లేజర్, దశనూ తీవ్రతనూ మార్చే మాడ్యులేటర్, అవతల కొహెరెంట్ రిసీవర్ (కాంతి దశను కూడా చదవగలది), దాని వెనక సంకేతాలను సరిదిద్దే చిప్. విక్షేపణాన్ని అంకెల్లోనే తీసేస్తాం. మరి కమ్యూనికేషన్ కోసం పికోసెకను పల్స్ అని ఇంకా రాయడం సబబేనా?

ఫైబర్ బాటసారి రాశారు:

ఆ పోటీని దగ్గరి నుంచి చూసినవాడిని కాబట్టి నేను చెబుతాను. 1990లలో ఎలక్ట్రానిక్స్ వేగం 10 నుంచి 40 గిగాబిట్ల దగ్గర ఆగిపోతుందని అందరికీ భయం. దాన్ని దాటే దారి కాల విభజనే, అంటే పలు సంకేతాలకు కాలాన్ని పంచడమే అనిపించింది. 10 గిగాహెర్ట్జ్ పల్స్‌ల మధ్య 100 పికోసెకన్ల ఖాళీ ఉంటుంది. పల్స్ 2 పికోసెకన్లే అయితే ఆ ఖాళీలో 16 మందిని కూర్చోబెట్టవచ్చు. ఒకే తరంగదైర్ఘ్యం మీద సెకనుకు 160 గిగాబిట్లు. ఒక్కొక్కరికి 6.25 పికోసెకన్ల చోటు. ఫైబర్‌లో ఆ కాలానికి కాంతి నడిచేది 1.28 మిల్లీమీటర్లు! ఒక్కో కాలువను పక్కదాని కంటే సరిగ్గా అంత పొడవుగా చేసి కలపాలి. ఆ పని చేసిన చేతులకు మిల్లీమీటరు ఎంత పెద్దదో తెలుసు. 2000లో జపాన్‌లోని ఎన్‌టీటీ పరిశోధకులు ఇలా సెకనుకు 1.28 టెరాబిట్లను 70 కిలోమీటర్లు పంపారు. వారు వాడింది ఫైబర్ లేజర్ పల్స్‌లను. అయినా ఆ విజయం మా అందరికీ ఊపిరి పోసింది.

ఓడిపోయింది ఎక్కడంటే ఫైబర్‌లో. విక్షేపణాన్ని తట్టుకునే శక్తి వేగపు వర్గంతో తగ్గుతుంది. 10 నుంచి 160కి వెళ్తే 256 రెట్లు తక్కువ. చిర్ప్ లేని 2 పికోసెకన్ల పల్స్ మామూలు ఫైబర్‌లో 66 మీటర్లకే 1.4 రెట్లు సాగుతుంది. వేల కిలోమీటర్ల లింకులో ఉష్ణోగ్రత కాస్త మారినా సర్దుబాటు చెదురుతుంది. అవతలి చివర 16 మందిని విడదీయడానికి కాంతి ద్వారమూ, దానికి గడియారమూ కావాలి. 2010 ప్రాంతానికి కొహెరెంట్ పద్ధతి 100 గిగాబిట్లను రెండు ధ్రువణాల మీద, నాలుగు దశల్లో పంచి, 30 గిగాబాడ్‌కు (సెకనుకు 3,000 కోట్ల సంకేతాలకు) అటూ ఇటూ ఉన్న వేగంతోనే పంపింది. పందెం అక్కడితో ముగిసింది. మీరన్నది నిజం.

స్ఫటికం రాశారు:

దూరపు లింకుల మేరకు నిజం. కానీ అదే చిప్ వేరే పేరుతో తిరిగి వచ్చింది. మోడ్ లాక్ అయిన లేజర్‌ను కాలంలో చూస్తే పల్స్‌ల వరుస, పౌనఃపున్యంలో చూస్తే సమాన దూరాల్లో నిలిచిన గీతల దువ్వెన. ఒక్కో పంటినీ ఒక్కో వాహక తరంగంగా వాడితే, పదుల లేజర్లు చేసే పనికి ఒక చిప్ చాలు. విడి లేజర్లు ఒక్కొక్కటీ తన ఇష్టానికి జరుగుతాయి, కాబట్టి మధ్యలో ఖాళీ వదలాలి. దువ్వెన పళ్ల మధ్య దూరం ఒక్కటే, జరిగినా అన్నీ కలిసే జరుగుతాయి.

క్వాంటం డాట్ లేజర్ల (నానోమీటర్ల సైజు స్ఫటిక చుక్కలతో చేసినవి) మీద ఆశ అందుకే. వాటి గెయిన్ వెడల్పు ఎక్కువ, శోషకం త్వరగా కోలుకుంటుంది. 2005లో రెండు భాగాల క్వాంటం డాట్ లేజర్ నుంచి నేరుగా 400 ఫెమ్టోసెకన్ల లోపు పల్స్‌లు వచ్చాయి. నా దృష్టిలో ఈ కథలో ఇంకా ముగియని అధ్యాయం ఇదే.

తరంగిణి రాశారు:

ఫలితం వచ్చింది! 400 మీటర్లతో ఆటోకోరిలేషన్ గీత 12 పికోసెకన్లు, గాసియన్ అనుకుని భాగిస్తే 8.5. స్కోపులో 13 కనబడింది, నిశితదృష్టి గారు ముందే చెప్పినట్టు. పాదాల దగ్గర పీఠం ఉంది, కానీ మధ్య శిఖరం దాని మీద సూదిలా కాకుండా నునుపుగా లేచి, పీఠం శిఖరంలో పదో వంతు కంటే తక్కువ ఎత్తులో ఉంది. 500 మీటర్లకు పెంచితే మళ్లీ సాగింది.

ఇక మిగిలింది సమయపు తడబాటు. స్కోపు చూపేదాని ప్రకారం అది 2 పికోసెకన్లు దాటుతోంది. ఈ పల్స్‌లను మేం కాంతి సంకేతాల నమూనాలు తీయడానికి వాడాలనుకుంటున్నాం, అంత తడబాటు పనికిరాదు.

నిశితదృష్టి రాశారు:

నునుపైన శిఖరం, తక్కువ పీఠం. ఇది నిజమైన పల్స్. అభినందనలు.

తడబాటుకు మూలం బాటసారి గారు చెప్పిన విత్తనంలోనే ఉంది. ప్రతి పల్స్ స్వచ్ఛంద ఉద్గారం నుంచి కొత్తగా మొలుస్తుంది. ఆ ఫోటాన్లు ఒకసారి ముందు, ఒకసారి వెనక పుడతాయి. కాబట్టి విత్తనాన్ని మీరే వేయండి. మరో లేజర్ నుంచి స్థిరమైన కాంతిని కొద్ది బలంతో, సర్క్యులేటర్ (వెళ్లే కాంతిని, వచ్చే కాంతిని వేరు దారుల్లో పంపే పరికరం) ద్వారా మీ డీఎఫ్‌బీలోకి పంపండి. తరంగదైర్ఘ్యం దగ్గరగా కుదరాలి. యాదృచ్ఛికంగా పుట్టే ఫోటాన్ల కంటే ఆ కాంతి ఎంతో బలంగా ఉంటుంది కాబట్టి ప్రతి పల్స్ ఒకే స్థాయి నుంచి మొదలవుతుంది. తడబాటు పికోసెకను దిగువకు వస్తుంది. పల్స్ కాస్త వెడల్పవచ్చు, ఎందుకంటే వాహకాలు అంత ఎత్తుకు పేరుకోకముందే వరద మొదలవుతుంది. అప్పుడు పరిహార ఫైబర్ పొడవును మళ్లీ వెతుక్కోవాలి.

సంకేతశోధి రాశారు:

విత్తనం లేని పల్స్ తన దశను ప్రతిసారీ కొత్తగా ఎంచుకుంటుందన్నమాట. క్వాంటం కీ పంపిణీలో (రహస్య సంకేత తాళాలను కాంతితో పంచుకునే పద్ధతి) మా పక్క బృందం గెయిన్ స్విచింగ్ లేజర్లే ఎందుకు వాడుతోందో ఇప్పుడు అర్థమైంది. అక్కడ పల్స్‌ల దశల మధ్య ఏ సంబంధమూ ఉండకూడదు, ఉంటే దొంగచాటుగా వినేవారికి ఆధారం దొరుకుతుంది. తరంగిణి గారికి అడ్డమైన యాదృచ్ఛికతే వారికి రక్షణ. ముందు వేసిన ప్రశ్నను వెనక్కి తీసుకుంటున్నాను.

స్ఫటికం రాశారు:

అవును. అందుకే వారు పల్స్‌కు పల్స్‌కు మధ్య లేజర్‌ను త్రెషోల్డ్‌కు బాగా దిగువకు దించుతారు, పాత కాంతి జాడ ఏ మాత్రమూ మిగలకూడదని. తరంగిణి గారు స్థిర విద్యుత్తును త్రెషోల్డ్‌కు దగ్గరగా ఉంచుతున్నారు. మీరు విత్తనపు కాంతి ఎక్కించేటప్పుడు తక్కువ బలంతో మొదలుపెట్టి, స్పెక్ట్రమ్ చూస్తూ పెంచండి. ఒక దశలో నునుపైన స్పెక్ట్రమ్ 2.5 గిగాహెర్ట్జ్ ఎడంతో విడివిడి గీతలుగా చీలుతుంది. విశ్లేషకానికి అంత సూక్ష్మంగా చూసే శక్తి ఉండాలి. ఆ గీతలు కనబడితే పల్స్‌లన్నీ ఒకే దశతో పుడుతున్నట్టు.

తరంగిణి రాశారు:

సర్క్యులేటర్ దొరికింది. మా విశ్లేషకం 0.02 నానోమీటర్లు చూడగలదు, అంటే 2.5 గిగాహెర్ట్జ్. సరిగ్గా అంచున ఉంది, గీతలు విడిపడకపోవచ్చు. సైను తరంగాన్ని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి చూస్తాను. గీతల బొమ్మ రాగానే ఇక్కడే పెడతాను.